కలిగిన అసౌకర్యం

"మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము."

తెలుగులో ఈ వాక్యాన్ని మనలో చాలామంది మొదట రైల్వే స్టేషన్లోనే విని ఉంటాం. బండి రెండు గంటలు ఆలస్యంగా నడుస్తోందని చెప్పిన గొంతే, ఏ మార్పూ లేకుండా, వెంటనే చింతించేది కూడా. వినీ వినీ అదొక వాక్యమన్న సంగతే మర్చిపోతాం. ప్లాట్‌ఫామ్ మీద తిరిగే ఫ్యాన్ చప్పుడులో కలిసిపోతుంది. 2024లో ఒక కంపెనీ ఏడు వారాల్లో 14 సార్లు ఇదే మాటని ఇంగ్లీషులో రాసి పంపినప్పుడు, మొదటిసారి కూర్చుని దాని వ్యాకరణం చూశాను.

ఇంగ్లీషులో "కాజ్డ్" అని ఉంటుంది. ఎవరు కాజ్ చేశారో ఉండదు. తెలుగు ఇంకో అడుగు ముందుకేసింది. "కలిగించిన" అనకుండా "కలిగిన" అంది. ఆ మధ్యలో "ఇంచు" ఉంటే కలిగించినవాడు ఒకడు ఉండి తీరాలి. అది తీసేస్తే అసౌకర్యం దానంతటదే కలుగుతుంది, సందేహం కలిగినట్టు, సంతానం కలిగినట్టు. "చింతిస్తున్నాము"లో చివరన "ము" ఉంది కాబట్టి ఎవరో కొంతమంది ఉన్నారని తెలుస్తుంది. కానీ వాళ్ళు జరిగిన తర్వాత పరామర్శకి వచ్చినవాళ్ళు. ఆ ఇంటివాళ్ళు కారు.

నేను పగలు కోడ్ రాస్తాను. రాత్రిళ్ళు కథలు చదువుతాను, అప్పుడప్పుడూ ఇలాంటి పత్రికలకి సమీక్షలు రాస్తుంటాను. దానివల్ల ఏ వచనం కనబడినా రెండు ప్రశ్నలు వేసుకోవడం అలవాటైపోయింది. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో? ఆ ఏడు వారాల్లో నా దగ్గర పోగైన 41 ఈమెయిళ్ళూ, 9 ఫోన్ కాల్సూ, ఒక చాట్‌బాట్ సంభాషణా కలిపి ఒక చిన్న నవలంత ఉంటాయి. ఇది ఒకరకంగా ఆ నవల మీద సమీక్షే. మొదటి ప్రశ్నకి జవాబు త్వరగానే దొరికింది. రెండోదానికే టైమ్ పట్టింది.

*

వస్తువు ఏమిటంటే, బైక్ హ్యాండిల్‌కి బిగించుకునే నావిగేషన్ పరికరం. 22,000 రూపాయలు. ఫోన్ ఉండగా ఇదెందుకని అందరూ అడిగారు. ఫోన్ వానలో తడిస్తే స్క్రీన్ దానిష్టం వచ్చినట్టు ప్రవర్తిస్తుంది, చినుకుని వేలు అనుకుంటుంది. పైగా బైక్ ఇంజన్ అదురుకి ఫోన్ కెమెరాలు దెబ్బతినొచ్చని ఆపిల్ కంపెనీ 2021లో తన సపోర్ట్ పేజీలో తనే హెచ్చరించింది. ఈ పరికరం పెట్టె మీద మాత్రం వాన బొమ్మ ఉంది, కొండ బొమ్మ ఉంది, గ్లవ్స్ తొడుక్కున్న చెయ్యి బొమ్మ ఉంది. నేను కొన్నది ఆ బొమ్మనే.

ఆ ఏడాది ఆగస్టు 15 గురువారం పడింది. శుక్రవారం సెలవు పెట్టి నేనూ, నా ఫ్రెండూ రెండు బైకుల మీద రాజమండ్రి నుంచి బయల్దేరాం. రంపచోడవరం, మారేడుమిల్లి, ఘాట్ దిగి చింతూరు, అక్కణ్ణుంచి మోతుగూడెం, డొంకరాయి, సీలేరు మీదుగా చింతపల్లి వెళ్ళాలని ప్లాన్. ఆ దారి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. నదికి అడ్డంగా కట్టిన డ్యాములు, కొండ మీంచి దిగే లావుపాటి పైపులు, పవర్‌హౌసులు. రాష్ట్రానికి కరెంటు ఇచ్చే చోట చాలా దూరం ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. పరికరం కొన్నదే అందుకోసం.

మోతుగూడెం దాటాక వాన పట్టుకుంది. పది నిమిషాలకి స్క్రీన్ ఆరిపోయింది. కంపెనీ లోగో వచ్చింది, మ్యాప్ వచ్చింది, మళ్ళీ ఆరిపోయింది. 40 నిమిషాల్లో 11 సార్లు. ఒక మలుపు దగ్గర రోడ్డు రెండుగా చీలింది. అప్పుడే తెర మీద లోగో వెలుగుతోంది.

పక్కన పట్టా కప్పిన చిన్న పాకలో ఒక పెద్దాయన నిప్పు రాజేసుకుంటున్నాడు. సీలేరు ఎటు అని అడిగితే వెంటనే చెప్పలేదు. ముందు మా బళ్ళ వైపు చూశాడు, టైర్ల వైపు చూశాడు. "ఒక్కో బండికి ఒక్కరేనా?" అన్నాడు. అవునన్నాం. "అయితే ఎడం సేతి దారిన ఎల్లండి. దగ్గర. ఎనకాల మనిసుంటే ఎల్లొద్దందును, జారుద్ది. వాగు కాడ నీల్లు రాయి మీద కొచ్చుంటే ఆగిపోండి. అరగంటలో తగ్గిపోద్ది." ఏ రాయి అని అడిగాం. లేచి తడుస్తూ నాలుగడుగులు వచ్చి, చేత్తో మోకాలి ఎత్తు చూపించి, "ఇంత రాయి, తెల్లగా ఉంటాది," అన్నాడు.

పల్లెటూరి మనిషి ముందు శాటిలైట్లు ఓడిపోయాయని చెప్పే కథ కాదిది. శాటిలైట్లు ఆ రోజు వాటి పని అవి చేశాయి. ఇంటికొచ్చాక పరికరంలోంచి ట్రాక్ ఫైలు తీసి చూశాను. సెకనుకొక చుక్క, ప్రతి చుక్కా రోడ్డు మీదే ఉంది. నేలకి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి మాట వినబడితే ఆ చుక్క పడుతుంది. వాటిలో ఉన్న గడియారాలు, ఐన్‌స్టీన్ సిద్ధాంతం ప్రకారం, నేల మీది గడియారాల కన్నా రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకి పోతాయి. దాన్ని సరిదిద్దకపోతే ఒక్కరోజులోనే లెక్క 10 కిలోమీటర్ల దాకా తప్పుతుంది. ఎవరో కూర్చుని సరిదిద్దారు. అందుకే ఆ కొండల్లో, ఆ మబ్బుల కింద కూడా నా చుక్క రోడ్డు దాటి పోలేదు. మధ్యమధ్యలో 11 ఖాళీలు మాత్రం ఉన్నాయి. చుక్కలు సరిగ్గా పడి, ఉన్నట్టుండి ఆగి, ఒకటిన్నర నిమిషం తర్వాత మళ్ళీ సరిగ్గా మొదలవుతాయి. అంటే దారి తప్పలేదు, కరెంటు పోయింది. ఖాళీలన్నీ వాన మొదలైన తర్వాతవే.

ఇది చిన్న విషయం. రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. చెప్పాను కూడా. ఫైలు జతచేసి, ఖాళీల టైములు రాసి, "తడిసినప్పుడు పవర్ ఆగిపోతోంది, సిగ్నల్ సమస్య కాదు" అని మొదటి మెయిల్లోనే రాశాను.

జవాబు వచ్చింది. నాకు కలిగిన అసౌకర్యానికి చింతించాక, ఆకాశం స్పష్టంగా కనిపించే ఆరుబయట నిలబడి, సిగ్నల్ కోసం 15 నిమిషాలు వేచి చూడమన్నారు.

*

తర్వాతి మూడు వారాలు త్వరగా చెప్పేస్తాను. ఫ్యాక్టరీ రీసెట్ మూడుసార్లు. మ్యాప్ అప్‌డేట్ రెండుసార్లు. ప్రతి మెయిల్ కిందా వేరే పేరు, ప్రతి పేరూ మొదటి నుంచి మొదలుపెట్టేది. టికెట్ రెండుసార్లు దానంతటదే "పరిష్కరించబడింది" అయింది. 48 గంటలు నేను జవాబివ్వకపోతే సమస్య పోయినట్టు లెక్క. సాఫ్ట్‌వేర్లో ఉన్నవాడిని కాబట్టి ఆ "క్లోజ్డ్" అనే మాటకి అర్థం తెలుసు. అది ఒక వరసలోంచి ఇంకో వరసలోకి జరిగే అట్టముక్క. బయట ప్రపంచంలో ఏం జరిగిందో దానికి తెలియదు.

చెప్పాల్సింది నాలుగో ఫోన్ కాల్ గురించి. అవతల ఒక అమ్మాయి. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతోంది, మాటకి ముందు నా పేరు, మాట తర్వాత నా పేరు. సమస్య ఎక్కడ వచ్చిందని అడిగింది. డొంకరాయి, సీలేరు మధ్య అన్నాను, స్పెల్లింగ్ చెప్పబోతూ.

"సీలేరా అండీ?" అంది తెలుగులో.

ఒక క్షణం ఇద్దరం ఏం మాట్లాడలేదు. "మా అమ్మమ్మగారిది అటేనండి. ఈ వానల్లో ఎందుకు వెళ్ళారండీ, కొండచరియలు పడతాయి అక్కడ..." మూడు సెకన్లు నిశ్శబ్దం. తర్వాత ఇంగ్లీషు తిరిగొచ్చింది, నా పేరు తిరిగొచ్చింది. నా బాధ తనకి పూర్తిగా అర్థమైందని చెప్పి, కాల్ హోల్డ్‌లో పెట్టడానికి అనుమతి అడిగింది.

ఆ హోల్డ్ మ్యూజిక్ వింటూ కూర్చున్నప్పుడు నాకు వింతగా అనిపించిందేంటంటే, ఆ సంభాషణ మొత్తంలో ఆమెకి నా బాధ నిజంగా అర్థమైంది "ఈ వానల్లో ఎందుకు వెళ్ళారండీ" అన్నప్పుడే. "అర్థమైంది" అని చెప్పినప్పుడు కాదు.

మా పిన్ని కూతురు గచ్చిబౌలిలో ఒక కాల్ సెంటర్లో మూడేళ్ళు పనిచేసింది, వాయిస్ ప్రాసెస్‌లో. ఆ ఆదివారం భోజనానికి వస్తే ఇదంతా చెప్పా. నవ్వింది. "ఆ సారీ నీకు కాదన్నయ్యా, ఆడిటర్‌కి."

అర్థం కాలేదన్నాను. వివరించింది. వాళ్ళ దగ్గర ప్రతి కాల్ రికార్డవుతుంది. అందులోంచి వారానికి కొన్ని తీసి క్వాలిటీ వాళ్ళు వింటారు. వాళ్ళ దగ్గర మార్కుల పట్టీ ఉంటుంది. పలకరింపుకి ఇన్ని మార్కులు, కస్టమర్ పేరు కనీసం రెండుసార్లు పలికినందుకు ఇన్ని, ఎంపతీ స్టేట్‌మెంట్‌కి ఇన్ని, హోల్డ్‌కి ముందు పర్మిషన్ అడిగినందుకు ఇన్ని. నిశ్శబ్దం వస్తే దాన్ని డెడ్ ఎయిర్ అంటారు, దానికి కోత. కాల్ పొడుగైతే సగటు నిడివి పెరుగుతుంది, దానికీ కోత. "పట్టీలో లేనిది ఏంటో తెలుసా? నీ సమస్య పోయిందా లేదా అన్నది. అది మా చేతిలో లేదుగా. మా చేతిలో లేనిదానికి మార్కులు ఎలా వేస్తారు?"

"మరి ఆ అమ్మాయి తెలుగులో మాట్లాడిన మూడు ముక్కలు?"

"ఆ కాల్ గనక ఆడిట్‌కి వెళ్తే పోయినట్టే," అంది. "పాపం, అమ్మమ్మ ఊరు కదా. నోరు జారింది."

*

ఆమె చెప్పిన ఆ ఒక్క మాటతో నా రెండో ప్రశ్నకి జవాబు దొరికింది. ఈ వచనానికి పాఠకుణ్ణి నేను కాను. నేనొక పాత్రని. ఆ 14 చింతలూ, "మీ సహనానికి ధన్యవాదాలు", "మీ ఫీడ్‌బ్యాక్ మాకు ఎంతో విలువైనది", ఇవన్నీ నా పేరుతో మొదలై నన్ను దాటి వెళ్ళి, ఎక్కడో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్న మూడో మనిషిని చేరుతున్నాయి. ఏళ్ళ తరబడి నేను వాటిని చెడ్డ వచనం అనుకున్నాను. వాటి అసలు పాఠకుడి కోణంలో చదివితే ఒక్క మాట వృథా లేదు.

రష్యన్ విమర్శకుడు మిహాయిల్ బఖ్తిన్ 1960 ప్రాంతంలో రాసుకున్న నోట్సులో ఈ మూడో మనిషి ఉన్నాడు. మనం ఎవరితో మాట్లాడినా ఎదుటివాడితో పాటు ఇంకొకణ్ణి కూడా ఊహించుకుంటామంటాడు. ఎదుటివాడు అర్థం చేసుకోకపోయినా పూర్తిగా అర్థం చేసుకునేవాడు ఒకడు ఎక్కడో ఉన్నాడని. కాలాన్ని బట్టి, మనిషిని బట్టి అది దేవుడు కావచ్చు, సత్యం కావచ్చు, చరిత్ర కావచ్చు. "పైవాడు చూస్తున్నాడు" అని మన ఇళ్ళల్లో అనే మాట అదే. ఎదుటివాడి దయ మీద మాత్రమే మన మాట ఆధారపడకుండా ఆ మూడోవాడు కాపాడతాడు. కాల్ సెంటర్లో ఆ స్థానం ఖాళీగా లేదు. అక్కడ రికార్డింగ్ కూర్చుంది. అది వింటుంది గానీ అర్థం చేసుకోవడానికి కాదు, మార్కులు వేయడానికి.

ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సోషియాలజిస్ట్ 1983లో "ద మేనేజ్డ్ హార్ట్" పుస్తకంలో విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లనీ, బాకీలు వసూలుచేసే ఏజెంట్లనీ పరిశీలించి, నవ్వూ కోపమూ కూడా జీతానికి చేసే పనిలో భాగమైపోతాయని చూపించింది. నాకు ఆ పుస్తకం ఎప్పుడూ పనిచేసేవాళ్ళ గురించిన పుస్తకంగానే గుర్తు. ఫోన్‌కి ఇటువైపున్న మనకీ ఒక నష్టం ఉందని ఇప్పుడనిపిస్తుంది. మర్యాద ఎంత పెరిగితే అంతగా నమ్మకం పోతుంది. ఎవరైనా మెత్తగా మాట్లాడగానే, ఇది నాతోనేనా, అని అనుమానం వస్తుంది. డొంకరాయి దగ్గర పెద్దాయన ఒక్క మర్యాద మాటా అనలేదు. కానీ మా టైర్లు చూశాకే జవాబిచ్చాడు. వెనకాల మనిషి ఉంటే వేరే జవాబు ఇచ్చేవాడు. అది మాకోసం తయారైన వాక్యం.

*

అయిదో వారంలో పరికరాన్ని సర్వీస్ సెంటర్‌కి పంపించమన్నారు. పంపాను. తొమ్మిది రోజుల తర్వాత తిరిగొచ్చింది, ఒక కాగితంతో. "పరీక్షించడమైనది. సమస్య కనబడలేదు."

నా వృత్తిలో దీనికి పాత సామెత ఉంది. "నా మెషీన్లో బాగానే ఉంది" అని. ఎలక్ట్రానిక్స్ రిపేర్ లోకంలో "నో ఫాల్ట్ ఫౌండ్" అని దీనికో అధికారిక నామమే ఉంది. ఏసీ గదిలో, పొడి బల్ల మీద, కదలకుండా పెట్టి ఆన్ చేస్తే పనిచేసింది. చేస్తుంది కూడా. ఆ కాగితంలో అబద్ధం లేదు. కనబడలేదు అంటే కనబడలేదు. ఎక్కడ చూశారన్నది కాగితంలో ఉండదు.

ఆ సర్వీస్ సెంటర్ ఉన్న ఊరికి నాలుగు గంటల ప్రయాణం. శనివారం బైక్ మీదే వెళ్ళాను. కౌంటర్లో ఉన్నాయన అదే కాగితం మళ్ళీ చదివి వినిపించాడు. లోపలి నుంచి టెక్నీషియన్ ఒకాయన వచ్చి, "బండికి ఎలా బిగించారో చూస్తాను సార్, పదండి," అన్నాడు. బయటికొచ్చాం. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పరికరాన్ని తీసి, వెనక్కి తిప్పి, ఒకచోట గోరుతో గీశాడు. తలుపు వైపు ఒకసారి చూసుకున్నాడు.

"ఇట్లాంటివి ఇంతకుముందు వచ్చినయ్ సార్," అన్నాడు. తడికి ఏం జరుగుతోందో, ఏ భాగం వల్లో, ఏ సరుకులో ఆ భాగం తేడాగా ఉందో ఒకే వాక్యంలో చెప్పాడు. "రిపేర్ అంటే ఒప్పుకోకండి. కొత్తది అడగండి. కొత్త సరుకులో మార్చారు." నేను ఫోన్ తీసి నోట్ చేసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు. "రాయొద్దు సార్. నేను చెప్పినట్టు ఎక్కడా రాయొద్దు. లోపలైతే కెమెరా ఉంది, ఈ మాట చెప్పలేను."

లోపలికెళ్ళాక, కౌంటర్ దగ్గర, అందరికీ వినబడేలా అన్నాడు. "మౌంటింగ్ కరెక్టుగానే ఉంది. సమస్య కనబడలేదు."

ఏడు వారాల్లో నాకు దొరికిన నిజం ఆ ఒక్క వాక్యమే. దాన్ని వాడుకోలేను.

తిరుగు ప్రయాణం నాలుగు గంటలూ అదే ఆలోచన. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం నేనున్న ఊళ్ళోనే జిల్లా కమిషన్‌లో కేసు వేయొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. అప్పట్లో, 2024లో, ఈ-దాఖిల్ పోర్టల్‌లో ఇంట్లో కూర్చునే వేసే వీలుండేది. కట్టిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. "ఈ లోపం తమకి ముందే తెలుసని మీ టెక్నీషియనే ఫలానా తేదీన చెప్పాడు" అని ఒక్క వాక్యం రాస్తే చాలు, అవతలివాళ్ళు కాళ్ళబేరానికి వస్తారు. ఆ రోజు డ్యూటీలో ఎవరున్నారో కనుక్కోవడానికి వాళ్ళకి అయిదు నిమిషాలు చాలు. నా 22,000 కోసం ఆయన ఉద్యోగం. ఫ్రెండ్‌కి చెప్తే, "పేరు రాయకుండా రాయొచ్చుగా," అన్నాడు. తేదీ రాస్తే పేరు రాసినట్టే. తేదీ లేకుండా రాస్తే ఎవరో ఏదో అన్నారన్నట్టు ఉంటుంది, దాన్ని ఏ కమిషనూ పట్టించుకోదు.

ఈ వ్యాసంలో కంపెనీ పేరు లేదు, ఆ ఊరి పేరు లేదు, ఆ భాగం పేరు లేదు. ఆయన మాటతీరు కూడా కొంచెం మార్చాను. కారణం అదే.

*

ఆయన వాక్యాన్ని వాడుకోలేకపోయినా, ఎక్కడ చూడాలో మాత్రం తెలిసింది. బగ్ ఉందని నమ్మించాలంటే ఒకటే దారి, మళ్ళీ మళ్ళీ పుట్టించి చూపించడం. పెట్టె మీద ఐపీఎక్స్7 అని రాసి ఉంది. ఆ అంకెకి అర్థం ఏమిటంటే, ఒక మీటరు లోతు నీళ్ళలో 30 నిమిషాలు ఉంచినా హానికరంగా నీళ్ళు లోపలికి పోకూడదు. నిలవ నీళ్ళు, కదలని వస్తువు. సింగిల్ సిలిండర్ ఇంజన్ అదురుతుండగా, గంటకి 50 కిలోమీటర్ల వేగంతో మొహాన కొట్టే వాన ఆ పరీక్షలో లేదు. బండికి బిగించి ఉన్నప్పుడు ఏమవుతుందన్నదీ అందులో లేదు. సర్వీస్ సెంటర్ బల్ల లాంటిదే ఇదీ.

ఆదివారం అపార్ట్‌మెంట్ కింద బైక్‌ని సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆన్ చేసి, పరికరాన్ని బిగించి, ఒక బకెట్టూ మగ్గూ పెట్టుకున్నాను. ఫ్రెండ్ వీడియో తీశాడు, పక్కన ఇంకో ఫోన్‌లో స్టాప్‌వాచ్ కనబడేలా. వాచ్‌మన్ కుర్చీ తెచ్చుకుని కూర్చున్నాడు. ఇంజన్ ఆపి నీళ్ళు పోస్తే 20 నిమిషాలు ఏమీ కాలేదు. ఇంజన్ ఆన్ చేసి పోస్తే ఏడో నిమిషంలో ఆరిపోయింది. ఆరబెట్టి మళ్ళీ చేశాం. ఆరో నిమిషం. మళ్ళీ. ఏడో నిమిషం. మూడోసారికి వాచ్‌మన్, "సార్, మీరు దాన్ని బాగు చేస్తున్నారా, పాడు చేస్తున్నారా?" అన్నాడు.

ఆ రాత్రి ఉత్తరం రాశాను. ఒకటిన్నర పేజీ. అందులో ఒక్క విశేషణం లేదు. కొన్న తేదీ, రశీదు నంబరు, ట్రాక్ ఫైల్లో ఖాళీల టైములు, మూడు వీడియోలు, పెట్టె మీద రాసిన మాట. చట్టం పేరు, 15 రోజుల గడువు. టెక్నీషియన్ లేడు. ఆ అమ్మాయి లేదు. సీలేరు కూడా లేదు. "వర్షంలో" అని ఉంది అంతే. రాసి చదువుకుంటే తెలిసింది, ఇది కంపెనీకి రాసినట్టు లేదు. రేపెప్పుడో ఒక కమిషన్ మెంబరు కళ్ళద్దాలు సవరించుకుని చదువుతుందని ఊహించుకుని, ఆమె కోసం రాసినట్టుంది. నేను కూడా కంపెనీని దాటి మూడో మనిషితో మాట్లాడటం నేర్చుకున్నాను. మూడు పక్షాల వాళ్ళం ఒకరి తల మీదుగా ఒకరం ఇంకెవరితోనో మాట్లాడుకుంటున్నాం.

నాలుగు రోజుల్లో ఫోన్. ఈసారి గొంతులో తొందర లేదు, నా పేరు ఒక్కసారే పలికాడు. మార్కుల పట్టీ లేని స్థాయి అన్నమాట. కొత్త పరికరం పంపిస్తున్నామన్నాడు. నేను ఒకటే అడిగాను. "పాతదాంట్లో లోపం ఏంటండీ?"

"గుడ్‌విల్ కింద రీప్లేస్ చేస్తున్నాం సర్."

"అది సరే. లోపం ఏంటి?"

"మా టెస్టింగ్‌లో సమస్య కనబడలేదు సర్. మీరు మా వాల్యుయబుల్ కస్టమర్ కాబట్టి, గుడ్‌విల్ కింద."

మళ్ళీ "కలిగిన". వారంటీ ప్రకారం నాకు రావాల్సినది నాకు కానుకగా ఇచ్చారు. కానుకకి కారణం అడగకూడదు. లోపం లేదు కాబట్టి ఇదే సరుకు కొన్న మిగతావాళ్ళకి చెప్పాల్సిన పని కూడా లేదు. వాళ్ళలో ఎవరో ఒకరు రేపు వానలో, వెనకాల మనిషిని కూర్చోబెట్టుకుని, ఆరిపోయిన తెర ముందు ఎటు తిరగాలో తెలియక నిలబడతారు. వాళ్ళకి నేను చెప్పగలిగింది ఏమీ లేకుండా ఆ "గుడ్‌విల్" అనే మాట పనిచేసింది. గెలిచానని ఫ్రెండ్ పార్టీ అడిగాడు. ఇచ్చాను. కానీ ఆ గెలుపు నాకు నచ్చలేదు.

కొత్త పరికరం బాగా పనిచేస్తోంది. మొన్న తుఫాను వానలో కూడా ఆరిపోలేదు. వెనక్కి తిప్పి చూస్తే, టెక్నీషియన్ గోరుతో గీసిన చోట, ఈసారి నిజంగానే తేడా ఉంది. ఆయన చెప్పింది చెప్పినట్టుగా.

రీప్లేస్‌మెంట్ వచ్చిన మర్నాడు సర్వే వచ్చింది. మీ అనుభవానికి ఒకటి నుంచి అయిదు దాకా ఎన్ని స్టార్లు ఇస్తారు? కింద చిన్న అక్షరాల్లో ఒక టికెట్ నంబరు, ఒక ప్రతినిధి పేరు. చూస్తే అది నాలుగో కాల్ తాలూకు టికెట్. సీలేరు అమ్మాయి. మా చెల్లెలికి ఫోన్ చేసి, ఒక స్టారిస్తే ఎవరికి తగులుతుందని అడిగా. "ఆమెకే. కంపెనీకి ఎందుకు తగులుతుంది అన్నయ్యా?" అంది.

అయిదు స్టార్లు నొక్కాను. కింద ఒక డబ్బా ఉంది, "మీ అభిప్రాయం 500 అక్షరాలకు మించకుండా రాయండి." రాయాల్సిన వాక్యం ఒకటుంది, అది 100 అక్షరాలు కూడా ఉండదు. కానీ అది నాది కాదు. ఖాళీగానే పంపించాను. సహకరించినందుకు ధన్యవాదాలు చెప్పింది.